జాజ్‌గుల్ స్కీ బండి

బిష్కేక్‌లో ఒక ఆసుపత్రి గది. వసంతకాలపు మధ్యాహ్నం. మంచం మీద జాజ్‌గుల్ బోర్లా పడుకుని ఉంది. పక్కనే ఆమె అక్క, తను ‘ఎజే’ అని పిలిచే రాఖిమా. నడుం కింద స్పర్శ లేని జాజ్‌గుల్‌కు, కూర్చుని మంచు మీద జారే స్కీ బండి నడపడం నేర్పిన సాగిన్ అప్పుడే కొండల్లోని కరకోల్ నుంచి వచ్చాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ అతన్ని ‘బైకే’, అంటే అన్నా, అని పిలుస్తారు.

"గుమ్మంలో ఎందుకు బైకే, ఇటు తల వైపు రండి. అక్కడ నిలబడితే నాకు మీ బూట్లు తప్ప ఏమీ కనిపించవు."

"బూట్లు చాలవా? నా మొహంలో కొత్తగా చూసేదేముంది?"

"బూట్లకి పాలిష్ వేశారు. అదే కొత్త. ఎవరు పోయారేమిటి?"

"జాజ్, వచ్చీ రాగానే ఏమిటా మాటలు? కూర్చోండి సాగిన్ బైకే, ఆ స్టూలు లాక్కోండి. దీనికి జ్వరం తగ్గింది, నోరు లేచింది."

"లేవనీ రాఖిమా. దీని నోరు లేవని రోజు మనం భయపడాలి. ఇదిగో, అష్లాంఫూ తెచ్చాను. ఆ బజారు ముసలమ్మ దగ్గరదే."

"అక్కణ్ణించి సంచిలో నూడుల్స్ మోసుకొచ్చారా? కారలేదూ?"

"కారకుండా ఉంటుందా. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాలిక్చి దాటాక డ్రైవరు బ్రేకు కొట్టాడు. పులుసు సగం నా ప్యాంటు తాగింది. మిగతా సగం నీది."

"అదా ఈ వెనిగర్ వాసన. నేనింకా మీకే వయసు మీద పడిందనుకున్నాను."

"ముందు తిను. నానిపోతాయి."

"బోర్లా పడుకుని ఎలా తినను?"

"గొర్రెలు ఎలా తింటాయి?"

"చూశావా ఎజే? ఇక్కడ కూడా పాఠమే."

"పులుపు వద్దన్నాడు డాక్టరు."

"డాక్టరు చాలా వద్దన్నాడు ఎజే. అన్నీ విన్నామా?"

"అదే, ఆ సంగతే. బైకేకి చెప్పావా, మరి, ఆ..."

"ఎజే, వేడినీళ్ళు అయిపోయాయి. బైకేకి టీ ఇవ్వాలి."

"ఇప్పుడేగా పట్టుకొచ్చాను."

"చల్లారిపోయాయి."

"సరే, వెళ్తాను. నువ్వు వెళ్ళమన్నావని కాదు, నాకు వినే ఓపిక లేక వెళ్తున్నాను. నేను వచ్చేలోపు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"వెళ్ళు ఎజే. తలుపు వేసి వెళ్ళు."

"ఏమిటే చెప్పాల్సింది?"

"డాక్టర్ల సోది. తర్వాత చెప్తాను. ముందు కొండ సంగతి చెప్పండి. మంచు కరిగిపోయిందా?"

"కింద కరిగింది. ఏరు పొంగుతోంది. పైన, దేవదారు చెట్లు దాటాక, ఇంకా ఉంది."

"పొద్దున గట్టిగా ఉండి, పొద్దెక్కాక గంజిలా అయిపోయే మంచు."

"అదే."

"అలాంటి దాంట్లో మీరు నన్ను దింపేవారు కాదు."

"పక్కకి లాగేస్తుంది. నీ బండికి ఒకటే స్కీ పలక. లాగితే పడతావు."

"చినారా దిగుతోందా?"

"చినారా... చినారా కుట్టుపని చేస్తోంది. కర్టెన్లు కుడుతోంది. బాగానే ఉంది."

"మంచు ఉండగా కర్టెన్లు కుట్టడం ఏమిటి? ఒంటికాలితో నాకంటే ముందు కిందికి చేరాలని పంతం పట్టిన పిల్ల."

"మధ్యాహ్నాలు కుడుతుందిలే."

"పొద్దున్నే దిగుతోందన్నమాట."

"నీకు పచ్చిమిరప ముద్ద వేయనా ఇందులో? విడిగా కట్టించాను."

"వేయండి. బైకే, ఈ పనిమనిషి మర్యాదలు మీకు నప్పవు. మొదటి రోజు ఎలా ఉండేవారో అలా ఉండండి."

"మొదటి రోజు ఎలా ఉన్నాను?"

"మరిచిపోయారా? మా అన్న నన్ను వీపు మీద మోసుకొచ్చి మీ షెడ్డు ముందు దింపాడు. మీరు నన్ను చూసి ‘బరువెంత’ అన్నారు. పలకరింపు లేదు, పాడు లేదు. సంతలో గొర్రెని అడిగినట్టు."

"బరువు తెలియకపోతే సీటు కింద స్ప్రింగు బిగించడం ఎలా?"

"అది తర్వాత తెలిసింది. అప్పుడైతే ఉమ్మేయాలనిపించింది."

"ఉమ్మేశావు."

"మీ మీద కాదు, మంచు మీద."

"మంచు మీద నా బూటు ఉంది."

"ఉంటే ఉంది. ఆ తర్వాత బస్తాని కట్టినట్టు బెల్టులేసి కట్టారు. రెండు చేతులకీ చిన్న స్కీలున్న ఊతకర్రలిచ్చారు. కాస్త ముందుకి తోశారు. మొహం మంచులో పడింది. లేపుతారని చూశాను. మీరు అక్కడే నిలబడి పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నారు."

"చేతులున్నాయిగా నీకు."

"అదే మాట అన్నారప్పుడు. ‘చేతులున్నాయిగా’ అని. గుర్రం నా మీద దొర్లిన దగ్గర్నించి ఎవరూ నాతో అలా మాట్లాడలేదు బైకే. అమ్మ అయితే చెంచా కూడా నోటికే అందించేది. నా మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుంటున్నానని కూడా గుసగుసగానే చెప్పాడు, గట్టిగా చెప్తే నా వెన్ను ఇంకాస్త విరుగుతుందేమోనన్నట్టు."

"అతన్ని పెళ్ళి మేళంతో సహా ఏట్లో పడేయాల్సింది."

"పోనీండి. ఆ పిల్ల మంచిదే. పండక్కి బోర్సోక్‌లు వేయించి పంపిస్తుంది. నాకు కొండ ఉందని నేనూ పట్టించుకోలేదు."

"కొండ ఎవరికైనా ఉంటుంది."

"అందరికీ ఉండదు. మీకు ఎప్పుడూ చెప్పలేదు, ఒకటి చెప్పనా? పైనించి దిగేటప్పుడు చలిగాలికి కళ్ళ నీళ్ళు కారతాయి కదా. మీకూ కారతాయి. అందరికీ కారతాయి. నేను ఏడవాలనుకున్నదంతా అక్కడ ఏడ్చేదాన్ని. ఇంట్లో ఒక్క చుక్క కారితే అమ్మ, ఎజే, పక్కింటి వాళ్ళు, అందరూ మూగేవారు. కొండ మీద ఎవరూ అడగరు. కిందికి వచ్చేసరికి మొహం ఆరిపోయేది. మీరు ‘ఎడమ భుజం వంచలేదు’ అని తిట్టేవారు. ఆ తర్వాత రాత్రి హాయిగా నిద్ర పట్టేది."

"తినడం ఆపావు. తిను."

"ఏమిటి, మీరు నిజంగానే ఎవరి చావు కబురో మోసుకొచ్చినట్టున్నారు."

"లేదు. ఒకటి అడగనా? స్కీ పందెం రోజు, నీ తుంటి మీది ఆ పుండు సంగతి నీకు ముందే తెలుసా?"

"ఇప్పుడెందుకు?"

"అడుగుతున్నాను."

"తెలుసు. స్నానం చేయిస్తూ ఎజే చూసింది. ఒక సోమ్ బిళ్ళంత ఉందంది. నాకేం తెలుస్తుంది బైకే, నొప్పి ఉంటేగా? ఎవరి ఒంటి మీదో ఉన్నట్టు విన్నాను. సీటులో చెమ్మ చేరినట్టుంది, ఒరుసుకున్నట్టుంది. తర్వాత గుడ్డకి రక్తం కూడా అంటింది. మీకు చెప్పొద్దని ఎజే చేత ఒట్టు వేయించాను."

"ఎందుకే?"

"చెప్తే బండి ఎక్కనిచ్చేవారా?"

"ఎక్కనిచ్చేవాణ్ణి కాదు."

"మరి? ఆ పందెంలో దిగకపోతే స్కీ జట్టులో పేరు ఎలా వస్తుంది? దిగాను. వచ్చింది. జట్టు పెద్దాయన అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, వచ్చే చలికాలం నుంచి మాతోనే ఉండాలమ్మా అన్నాడు. మీరు అటు తిరిగి ముక్కు చీదుకున్నారు. నేను చూశాను."

"జలుబు."

"జలుబే. మళ్ళీ వారానికే నాకు ఒళ్ళు కాలిపోయింది. కరకోల్ ఆసుపత్రిలో చూసి, మా వల్ల కాదు, బిష్కేక్ తీసుకెళ్ళండి అన్నారు. మీరే కదా కారు వెనక సీట్లో నన్ను పడుకోబెట్టింది."

"అప్పుడైనా చెప్పలేదు నువ్వు."

"అప్పుడు నాకు మాట ఎక్కడుంది? సరే, అది వదిలేయండి. మిమ్మల్ని ఇంత దూరం ఎందుకు రమ్మన్నానో వినండి. ఇక్కడి డాక్టరు రెండు దారులు చెప్పాడు."

"ఏమిటవి?"

"రెండు వైపులా ఎముక దాకా కుళ్ళిందట. ఒక దారి, ఇలాగే బోర్లా పడుకుని ఉండటం. కడుగుతూ, కట్టు కడుతూ. ఏడాది పట్టొచ్చు, ఇంకా పట్టొచ్చు. మానినా మళ్ళీ సీట్లో కూర్చుంటే తిరగబెడుతుందట."

"అదే మంచిది. పడుకో. నిన్నెవరు తరుముతున్నారు?"

"రెండోది వినండి."

"వినక్కర్లేదు. మొదటిదే."

"రెండోది కాళ్ళు తీసేయడం. తుంటి దగ్గరికి. ఆ తొడల కండ ఉంది చూడండి, అది మంచి కండేనట, దాంతో పుళ్ళు కప్పేస్తారు. మందంగా మెత్త వేసినట్టు. అలాగైతే చలి మొదలయ్యేసరికి కూర్చోవచ్చు."

"జాజ్‌గుల్."

"ఎలాగూ పని చేయని కాళ్ళు కదా అన్నాను. డాక్టరుని ఒక్కటే అడిగాను, స్కీ బండిలో కూర్చోవచ్చా అని. మొదట నవ్వాడు. హాస్యమనుకున్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. జాగ్రత్తగా చూసుకుంటే కూర్చోవచ్చమ్మా అన్నాడు."

"మీ అమ్మ ఏమంది?"

"ఏమంటుంది? దేవుడిచ్చిన ఒళ్ళు దేవుడికి నిండుగా అప్పగించాలి, సగం మనిషిని ఎలా పాతిపెడతాం అంది. నేనింకా చావలేదు కదా అన్నాను. ఆ తర్వాత ఫోన్ చేయలేదు. ఎజే అయితే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పడుకునే ఉండవే, నేను చూసుకుంటాను, నా పిల్లలు చూసుకుంటారు అంది. నిజంగానే చూసుకుంటుంది కూడా. అదే నా భయం."

"మీ అమ్మ చెప్పింది విను. మీ ఎజే మాట విను."

"మీరేమిటి బైకే ముసలమ్మలా? నా పాత సీటు ఇక పనికిరాదు, అందుకు రమ్మన్నాను మిమ్మల్ని. తొడలు పట్టే చోటంతా తీసేయాలి. బెల్టు పైకి రావాలి. లోపల మెత్త మార్చాలి. బరువు తగ్గుతాను కాబట్టి స్ప్రింగు కూడా మీరు మళ్ళీ బిగించాలి. కొలతలు తీసుకోండి. ఈ వేసవిలో చేసేస్తే..."

"ఒక స్కీ బండి కోసం ఒంట్లో సగం కోయించుకుంటావా?"

"స్కీ బండి కోసమే."

"వద్దు."

"మీరా అనేది? నాకు..."

"నేనే. వద్దు. డాక్టరుని పిలు. పడుకునే ఉంటానని చెప్పు. ఇప్పుడే చెప్పు. లేకపోతే నేను వెళ్ళి చెప్తాను. ఏ గదిలో ఉంటాడు?"

"కూర్చోండి. బైకే, ఎక్కడికి? కూర్చోండి ముందు. ఏమైంది మీకు?"

"బండి లేదు."

"ఏ బండి?"

"నీ బండి. ఏదీ లేదు. షెడ్డు ఖాళీ."

"రిపేరుకి పంపారా?"

"రిపేరు కాదు. లారీ వచ్చి తీసుకెళ్ళిపోయింది. నువ్వు ఇక్కడికొచ్చిన కొన్నాళ్ళకే. ఫోన్‌లో చెప్పలేకపోయాను. ప్రతిసారీ రేపు చెప్దామనుకున్నాను."

"చినారా కర్టెన్లు కుడుతోందంటే..."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడుతోంది. ఆ బళ్ళు మనవి కావు జాజ్‌గుల్. ఇన్నాళ్ళూ మనకి వాడుకోవడానికిచ్చారంతే. అవి పంపిస్తున్న ముసలావిడ, ఆ దూరదేశపు ఆవిడ, నువ్వు ఒకసారి మేజోళ్ళు అల్లి ఇచ్చావు చూడు, ఆవిడ పోయింది. తర్వాత వచ్చిన వాళ్ళు మన దేశంలో పని ముగిస్తున్నామన్నారు. వేరే చోట మొదలుపెడతారట."

"మీరేమీ అనలేదా?"

"అన్నాను. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఒక్కటి వదలండి, మిగతావి పట్టుకుపోండి, జాజ్‌గుల్‌ది ఒక్కటి వదలండి అన్నాను. లారీతో వచ్చినావిడ నాతో దెబ్బలాడలేదు. ఫోన్‌లో ఫోటో చూపించింది. కాళ్ళు లేని చిన్నపిల్ల, రెండు జడలు. ఆ బండి కోసం కాచుకుని ఉందట. పక్కకి తప్పుకున్నాను. ఆవిడ ఒక్కతే మోయలేకపోతుంటే నేనే ఎత్తి లోపల పెట్టాను."

"నాదీ?"

"ముందు నీదే. ఎక్కడా తగిలి గీరుకుపోకుండా చుట్టూ దుప్పటి కట్టాను."

"కొత్తది చేయించలేమా? మీకు వెల్డింగు వాడు తెలుసుగా."

"చేయించాను. ఇనప గొట్టాలు, పాత మోటారు సైకిల్ స్ప్రింగు. నేనే కూర్చుని దిగాను. మొదటి మలుపులోనే విరిగింది. ఇదిగో, ఈ చెయ్యి ఇంతకంటే పైకి లేవట్లేదు. నిన్ను అందులో కూర్చోబెట్టలేను."

"జట్టు ఉందిగా. పెద్దాయన మాట ఇచ్చాడు."

"ఆయన దగ్గరికీ వెళ్ళాను. సొంత బండి ఉన్నవాళ్ళనే తీసుకుంటామన్నాడు. ఆయన తప్పు కూడా కాదు, వాళ్ళ దగ్గరా లేవు. నీ గురించి మంచిగానే చెప్పాడు. అలాంటి భుజాలు చూడలేదన్నాడు."

"మరి షెడ్డు ఖాళీగా ఉందన్నారు. షెడ్డు ఉంటే మళ్ళీ ఎవరో..."

"ఇప్పుడు ఖాళీ. వేసవి అయ్యాక హోటల్ వాళ్ళు తీసుకుంటున్నారు. వచ్చే చలికాలం అక్కడ పర్యాటకులకి స్కీ బూట్లు అద్దెకిస్తారు. నన్నూ తీసుకున్నారు. తడి బూట్లు ఆరబెట్టి, తుడిచి అందించే పని. శుభ్రంగా కనబడాలన్నారు. అందుకే నా బూట్లకి పాలిష్."

"ఈ నూడుల్స్ అవతల పెట్టండి."

"ఏదో ఒకటి అను."

"ఏమనను?"

"తిట్టు. ఇంత ఆలస్యంగా చెప్పినందుకు తిట్టు. కానీ నా మాట విను. ఇంక దేనికోసం కోయించుకుంటావు? ఆ చలికాలం లేదు. దాని కోసం తొందరపడాల్సిన పని లేదు. పడుకో. ఏడాది పడితే పట్టనీ. రాఖిమాకి తోడు మా ఆవిడ వచ్చి ఉంటుంది. నేను వచ్చి పోతుంటాను. వచ్చినప్పుడల్లా ఆ పులుసు నూడుల్స్ తెస్తాను. మీ అమ్మ మళ్ళీ ఫోన్ చేస్తుంది. నిండు మనిషివి ఉంటావు. అది తక్కువా?"

"తక్కువ కాదు."

"మరి?"

"మీరు ఇటు చూడకుండా చెప్తున్నారు, బైకే."

"చూడలేను. ఇక్కడ, కాళ్ళ వైపు కూర్చుంటాను కాసేపు. ఈ దుప్పట్లు కాస్త పక్కకి జరుపుతాను. ఆ మొహం చూస్తూ మాట్లాడటం నా వల్ల కాదు."

"కూర్చోండి."

"నీ కాళ్ళ మీద కూర్చుంటానేమో. నీకు తెలియదు కూడా. నువ్వే చెప్పు, ఎక్కడ కూర్చోను?"

"ఎక్కడైనా కూర్చోండి."

"డాక్టరుకి చెప్తావు కదూ? మొదటి దారే అని. చెప్తానని ఒక్క మాట అను, నేను లేచి వెళ్ళి పిలుచుకొస్తాను."

"లేవకండి బైకే. అక్కడ తగలడానికి ఏమీ లేదు, పోయిన నెలలోనే తీసేశారు."